అడ్మిట్ అయిన రోజు 214, ఇంటికొచ్చేటప్పుడు 108: ఇంతకీ నాన్నగారికి షుగర్ ఉన్నట్టా, లేనట్టా?

ముందు మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుందాం. నాన్నగారికి 58 ఏళ్లు. షుగర్ ఉందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. గుండెపోటుతో తీసుకెళ్లినప్పుడు క్యాజువాలిటీలో చూసిన షుగర్ 214. స్టెంట్ వేశారు, రెండు రోజులు ఇన్సులిన్ ఇచ్చి ఆపేశారు, డిశ్చార్జ్ రోజు పరగడుపున 108 వచ్చింది, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. ఒక డాక్టర్ "షుగర్ లేదు, ఆ టైమ్‌లో టెన్షన్‌కి పెరిగింది, అంతే" అన్నారు. ఇంకొకరు "బార్డర్‌లో ఉంది, జాగ్రత్త" అన్నారు. ఆ 214ని పట్టించుకోవాలా, దానివల్ల ముందు ముందు ప్రమాదం ఉందా, ఇప్పుడే మాత్రలు మొదలుపెట్టాలా అన్నది మీ ప్రశ్న. చివర్లో "మాకూ వస్తుందా" అని ఒక్క ముక్క అడిగి వదిలేశారు, దాని సంగతీ చెప్తాను.

నేను ఫిజీషియన్‌ని, ఇరవై ఏళ్లకు పైగా గుండె వార్డుల్లోనే గడిపాను. మీ నాన్నగారిని చూడకుండా ఆయనకి ఫలానా మాత్ర వేయండని నేను చెప్పను, ఎవరు చెప్పినా వినకండి. కానీ ఆ అంకెలకి అర్థం చెప్పగలను. ఇద్దరు డాక్టర్లూ చెరో సగం నిజం చెప్పారు. టెన్షన్‌కి పెరిగిందన్నది నిజమే, "అంతే" అన్న మాట దగ్గరే నాకు పేచీ.

గుండెకి వెళ్లే రక్తనాళం ఒకటి మూసుకుపోగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి. దాచుకున్న చక్కెరని బయటికి వదలమని లివర్‌ని తొందరపెడతాయి, ఇంకోపక్క ఇన్సులిన్‌ని దాని పని చేయనివ్వవు. అందుకే జీవితంలో ఎప్పుడూ షుగర్ లేనివాళ్లకి కూడా ఆ గంటల్లో 150, 180, ఒక్కోసారి 200 దాటి కనిపిస్తుంది. టెన్షన్ అన్న మాట విని చాలామంది మనసులో భయం వల్ల అనుకుంటారు గానీ ఇది ఒంటి మీద పడ్డ ఒత్తిడి. మనిషి ఎంత ధైర్యంగా ఉన్నా పెరుగుతుంది, స్పృహ లేకపోయినా పెరుగుతుంది.

ఆ పెరుగుదల అందరిలో ఒకేలా ఉండదు. గుండె కండరం ఎంత ఎక్కువ దెబ్బతింటే, పంపింగ్ ఎంత పడిపోతే, ఆ హార్మోన్లు అంత ఎక్కువ వస్తాయి, షుగర్ అంత పైకి వెళ్తుంది. పైగా లోపల ఇన్సులిన్ వ్యవస్థ ముందే కొంచెం అలిసిపోయి ఉన్నవాళ్లలో అదే ఒత్తిడికి షుగర్ ఇంకా ఎక్కువ పెరుగుతుంది, ఎందుకంటే గట్టిగా ఉన్న క్లోమగ్రంథి ఆ పూటకి ఇన్సులిన్ పెంచి సర్దేసుకుంటుంది, అలిసిపోయినది సర్దుకోలేదు. అంటే ఆ 214 ఒకేసారి రెండు విషయాలు చెప్తోంది: అటాక్ ఎంత పెద్దది అన్నది ఒకటి, అటాక్‌కి ముందు నుంచే ఆయన ఒంట్లో చక్కెర సర్దుబాటు ఎలా ఉంది అన్నది ఇంకొకటి.

ఇందులో ఏది ఎంత అని తెలుసుకోవడానికి చిన్న లెక్క ఒకటి ఉంది, కాగితం తీసుకోండి. హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి అందులోంచి 46.7 తీసేస్తే, గత రెండు మూడు నెలల్లో సగటున రక్తంలో చక్కెర ఎంత ఉందో సుమారుగా వస్తుంది. నాన్నగారి 6.1కి లెక్క వేస్తే 128. అంటే ఆయన రోజువారీ సగటు 128 దగ్గర ఉండగా ఆ రోజు 214కి వెళ్లింది. 214ని 128తో భాగిస్తే 1.67. ఇప్పుడు పక్క మంచం మీద ఇంకొకాయన ఉన్నాడనుకోండి, పాత షుగర్ పేషెంట్, హెచ్‌బీఏ1సీ 9.5, అడ్మిషన్ షుగర్ 230. చూడగానే ఆయనదే ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆయన సగటే 226, కాబట్టి నిష్పత్తి ఒకటి దగ్గరే ఉంది. ఆ 230 ఆయనకి మామూలు రోజు అంకె. మీ నాన్నగారి ఒంటికి ఆ 214 పెద్ద కుదుపు. పరిశోధకులు దీన్ని ఒత్తిడి షుగర్ నిష్పత్తి అంటారు, గత పదేళ్లలో దీని మీద చాలా పని జరిగింది, నిష్పత్తి పెరిగినకొద్దీ ఆసుపత్రిలోనూ ఆ తర్వాత కూడా ఫలితాలు దిగజారుతున్నట్టు చూపించారు.

అడ్మిషన్ షుగర్‌కీ తర్వాతి జీవితానికీ సంబంధం ఉందా అన్నది కొత్త ప్రశ్నేం కాదు. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 15 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. ముందు షుగర్ లేనివాళ్లలో, అడ్మిషన్‌లో 110 నుంచి 144 మధ్య ఎక్కడో పెట్టుకున్న గీతని దాటినవాళ్లకి, దాటనివాళ్లతో పోలిస్తే ఆసుపత్రిలో చనిపోయే ముప్పు దాదాపు నాలుగు రెట్లు. షుగర్ ఉన్నవాళ్లలో 180 పైన గీత పెట్టుకుని చూస్తే ముప్పు 1.7 రెట్లే పెరిగింది. 2005లో అమెరికాలో 1,41,680 మంది వృద్ధ పేషెంట్ల రికార్డులు తీసి చూసినప్పుడు కూడా అదే కనిపించింది: షుగర్ ఉందని ముందే తెలిసినవాళ్లలో కంటే తెలియనివాళ్లలో అడ్మిషన్ అంకె పెరిగినకొద్దీ మరణాలు చాలా నిటారుగా పెరిగాయి, నెల దగ్గరా అంతే, ఏడాది దగ్గరా అంతే. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, "మాకు షుగర్ లేదు కదా, మాకేం భయం" అనుకుంటారు. పైన వేసిన లెక్క చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇక్కడిదాకా చదివి మీకు కాళ్లు వణికి ఉంటే ఒక్క నిమిషం ఆగండి. ఆ నాలుగు రెట్లు ఆసుపత్రిలో ఉన్న రోజుల సంగతి. నాన్నగారు ఆ గండం దాటి ఇంటికొచ్చారు. స్టెంట్ త్వరగా పడిందా, ఎకో అనే గుండె స్కాన్‌లో పంపింగ్ ఎంత ఉంది అన్నవి ఇప్పుడు ఆయన భవిష్యత్తు గురించి ఆ 214 కంటే ఎక్కువ చెప్తాయి. మీరు పంపింగ్ ఎంతో రాయలేదు. డిశ్చార్జ్ కాగితంలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని శాతంలో ఉంటుంది, వెతకండి. 50 పైన ఉంటే నేను ఊపిరి పీల్చుకుంటాను. 40 లోపు ఉంటే షుగర్ గురించి మాట్లాడే ముందు ఆ పంపింగ్ మందుల గురించి మాట్లాడతాను.

మరి అంత చెడు చేసేదైతే ఆ షుగర్‌ని ఆసుపత్రిలోనే బలంగా కిందికి లాగేస్తే సరిపోదా అని మీకు అనిపించే ఉంటుంది. మాకూ అలాగే అనిపించింది, కొన్నేళ్లపాటు అలాగే చేశాం కూడా. 1995లో స్వీడన్ నుంచి డిగామి అనే అధ్యయనం వచ్చింది, 620 మంది. గుండెపోటు వచ్చిన షుగర్ పేషెంట్లకి మొదటి 24 గంటలు ఇన్సులిన్, గ్లూకోజ్ డ్రిప్, ఆ తర్వాత మూడు నెలలు రోజుకి నాలుగు సార్లు ఇన్సులిన్. ఏడాది తిరిగేసరికి మరణాలు 26 శాతం నుంచి 19 శాతం దగ్గరికి తగ్గాయి. ఆ పేపర్ చేతిలో పట్టుకుని ఇన్సులిన్ పంపుల దగ్గర రాత్రంతా నిలబడ్డ తరం మాది. పదేళ్ల తర్వాత 1,253 మందితో డిగామి 2 వచ్చింది, అందులో ఏ తేడా కనపడలేదు. అదే ఏడాది 20,201 మందికి ఇన్సులిన్, గ్లూకోజ్, పొటాషియం కలిపి ఎక్కించి చూసిన పెద్ద ట్రయల్‌లో కూడా 30 రోజుల మరణాలు ఏమీ తగ్గలేదు. 2009లో నైస్ షుగర్ అనే ట్రయల్, ఇది గుండె పేషెంట్ల మీద కాదు, అన్ని రకాల ఐసీయూ పేషెంట్ల మీద జరిగింది, షుగర్‌ని 81 నుంచి 108 మధ్య బిగించి ఉంచినవాళ్లలో మరణాలు 27.5 శాతం, 180 లోపు ఉంటే చాలనుకున్నవాళ్లలో 24.9 శాతం. బిగించినందుకు నష్టమే జరిగింది.

నా అనుభవంలో ఒకటి చెప్తాను. అప్పటికి నేను ఇంకా కుర్ర డాక్టర్‌ని. అరవై దాటిన పెద్దాయన, అటాక్ వచ్చి రెండో రాత్రి. ఇన్సులిన్ డ్రిప్ మీద ఉన్నాడు, సాయంత్రం 130 చూసి భలే కంట్రోల్ అయిందని సంతోషపడి డోసు తగ్గించకుండా నేను గదికి వెళ్లిపోయాను, ఆయన ఆ రాత్రి సరిగ్గా తినలేదన్న సంగతి నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. తెల్లవారుజామున నర్సు ఫోన్ చేసి "సార్, దుప్పటి తడిసిపోయింది" అంది. మాట ముద్దగా వస్తోంది, షుగర్ 46. గుండె కొట్టుకోవడం మాత్రం ప్రశాంతంగా నిమిషానికి 64, ఎందుకంటే గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు మీద ఉన్నాడు, షుగర్ బాగా పడిపోయినప్పుడు (లో షుగర్) రావాల్సిన దడని ఆ మందు, వణుకుని కప్పేస్తుంది, చెమట ఒక్కటే మిగులుతుంది. గ్లూకోజ్ ఎక్కించగానే తేరుకున్నాడు, ఏమీ కాలేదు. కానీ ఆ దుప్పటి నాకు ఇప్పటికీ గుర్తుంది. తగ్గించడంలో ఎంత దూకుడు ఉండకూడదో నాకు నేర్పింది ట్రయల్స్ కంటే అదే.

అందుకే ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా పద్ధతి ఒకటే. 180 దాటితే ఇన్సులిన్ ఆలోచిస్తారు, 140 నుంచి 180 మధ్య ఉంచితే చాలనుకుంటారు, 70 కిందికి పోకుండా కాపలా కాస్తారు. మీ నాన్నగారికి రెండు రోజులు ఇన్సులిన్ ఇచ్చి ఆపేశారంటే వాళ్లు పద్ధతి ప్రకారమే చేశారు. "ఇన్సులిన్ మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు" అని మీరు కొంచెం కోపంగా రాశారు, అందులో కోపం అక్కర్లేదు. అత్యవసరంలో ఇచ్చే ఇన్సులిన్, జీవితాంతం ఇచ్చే ఇన్సులిన్ ఒకటి కావు, ఒకసారి మొదలుపెడితే మానకూడదన్నది ఉత్త మాట.

ఇక అసలు సంగతికి వస్తాను, ఆ "అంతే" దగ్గరికి. స్వీడన్‌లోనే గామి అనే ఇంకో అధ్యయనం 2002లో వచ్చింది, చిన్నది, 181 మందితో. అందరూ గుండెపోటు వచ్చినవాళ్లే, షుగర్ ఉందని ఎవరికీ తెలియదు, పైగా అడ్మిషన్‌లో 200 దాటినవాళ్లని అసలు చేర్చుకోనే లేదు. డిశ్చార్జ్ అప్పుడు గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత టెస్ట్ చేస్తే 31 శాతం మందికి షుగర్ ఉన్నట్టు తేలింది, 35 శాతం మంది మధ్య దశలో ఉన్నారు. సరే, అటాక్ ప్రభావం ఇంకా ఉందేమో అని మూడు నెలల తర్వాత మళ్లీ చేశారు. 25 శాతం మందికి షుగర్, 40 శాతం మంది మధ్య దశ. మొత్తం మీద ప్రతి ముగ్గురిలో ఇద్దరు. వాళ్లనే దాదాపు మూడేళ్లు వెంబడించి చూస్తే, మళ్లీ అటాక్ రావడం, గుండె ఫెయిల్ అవడం, చనిపోవడం లాంటివి ఎక్కువగా ఈ ఇద్దరిలోనే జరిగాయి, పూర్తిగా మామూలుగా ఉన్న మూడో మనిషి చాలావరకు క్షేమంగా ఉన్నాడు. 200 దాటనివాళ్లలోనే ఇలా ఉంటే, 214 వచ్చి 6.1 ఉన్న మనిషికి "షుగర్ లేదు" అని చెప్పి పంపించేయడం నాకు నచ్చదు.

6.1 అంటే ఏమిటో కూడా సూటిగా చెప్పుకుందాం. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్, మధ్యలో ఉన్నదాన్ని జనం బార్డర్ అంటారు, మేం ప్రీడయాబెటిస్ అంటాం. పరగడుపున 100 లోపు మామూలు, 126 నుంచి షుగర్. ఆయన 108 కూడా మధ్యలోనే ఉంది. రెండు టెస్టులూ ఒకే మాట చెప్తున్నాయి, కాబట్టి రెండో డాక్టర్‌దే సరైన మాట. ఒక చిన్న పితలాటకం ఉంది, హెచ్‌బీఏ1సీ అనేది ఎర్ర రక్తకణాల మీద చదివే అంకె, కాబట్టి రక్తం ఎక్కించి ఉంటే గానీ, ఈ మధ్య రక్తం బాగా పోయి ఉంటే గానీ ఆ అంకె నమ్మలేం, ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ ఎంతో ఒకసారి చూడండి.

ఇప్పుడు చేయాల్సిన టెస్టులు ఇవే, అటాక్ వచ్చి మూడు నెలలు నిండేసరికి పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, వీలైతే 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకి చేసేది. ఆ చివరిదాన్ని చాలామంది ఎగ్గొడతారు, విసుగు పరీక్ష కాబట్టి, పరగడుపున వెళ్లి రెండు గంటలు కూర్చోవాలి. కానీ గుండె పేషెంట్లలో పరగడుపు బాగానే ఉండి తిన్నాక మాత్రమే పెరిగేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లు మిగతా రెండు టెస్టుల్లో దొరకరు. రెండు గంటల అంకె 140 లోపు అయితే మామూలు, 200 నుంచి షుగర్. ఆ తర్వాత ఏడాదికోసారి చేయించుకుంటే చాలు. ఈలోగా రోజూ గ్లూకోమీటర్‌తో వేళ్లు పొడవకండి, మందులేవీ వాడనప్పుడు రోజూ చూసే అంకె వల్ల ఇంట్లో గొడవలు తప్ప ఒరిగేదేమీ లేదు.

మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టాలా అన్నారు. బార్డర్‌లో ఉన్న గుండె పేషెంట్‌కి షుగర్ మాత్ర ఇస్తే గుండె బాగుపడుతుందా అని జనం ఊరికే ఊహించుకోలేదు, పరీక్షించి చూశారు. షుగర్ లేని 380 మంది అటాక్ పేషెంట్లకి నాలుగు నెలలు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూశారు, 2014లో ఫలితాలు వచ్చాయి, పంపింగ్ ఏమీ మెరుగవలేదు. చైనాలో గుండె జబ్బు ఉండి మధ్య దశలో ఉన్నవాళ్లకి ఆకార్బోజ్ అనే మాత్ర ఏళ్లపాటు ఇచ్చి చూశారు, 2017లో తేలింది ఏమిటంటే కొత్తగా షుగర్ రావడం 18 శాతం తగ్గింది, అటాక్‌లు మాత్రం తగ్గలేదు. కాబట్టి మూడు నెలల టెస్ట్ దాకా ఆగడం తప్పేం కాదు. మధ్య దశ నుంచి షుగర్‌లోకి జారకుండా ఆపడంలో ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేసింది నడక, బరువు తగ్గడం. 2002లో అమెరికాలో 3,234 మందితో చేసిన అధ్యయనంలో బరువు ఏడు శాతం తగ్గించి, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయమని చెప్పిన గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గితే, మెట్‌ఫార్మిన్ గుంపులో 31 శాతమే తగ్గింది. ఆ 150 నిమిషాలు నాన్నగారు రేపే మొదలుపెట్టకూడదు, స్టెంట్ వేసిన డాక్టర్‌ని అడిగి, పంపింగ్‌ని బట్టి మెల్లగా పెంచుకోవాలి.

మూడు నెలల టెస్ట్‌లో నిజంగానే షుగర్ తేలితే అప్పుడు సంగతి మారుతుంది, అది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గుండె పేషెంట్‌కి షుగర్ మందు ఎంచుకోవడం వేరు. ఫిన్లాండ్‌లో ఏడేళ్లు చూసిన ఒక అధ్యయనం 1998లో వచ్చింది. షుగర్ లేదు, అటాక్ రాలేదు, అలాంటివాళ్లలో ఏడేళ్లలో గుండెపోటు వచ్చింది 3.5 శాతం మందికి. షుగర్ లేకుండా ఇదివరకు అటాక్ వచ్చినవాళ్లలో మళ్లీ వచ్చింది 18.8 శాతం మందికి. షుగర్ ఉండి అటాక్ రానివాళ్లకి 20.2. రెండూ ఉన్నవాళ్లకి 45. ఇప్పటి మందులతో ఈ అంకెలన్నీ బాగా కిందికి దిగాయి, అయినా వరుస మాత్రం మారలేదు. ఏళ్ల తరబడి ఉన్న షుగర్ ఒక్కచోట అడ్డంకి పెట్టి ఊరుకోదు, నాళం పొడవునా, చిన్న చిన్న కొమ్మల్లో కూడా జబ్బు చేస్తుంది, స్టెంట్ వేసిన చోట మళ్లీ మూసుకుపోయే అవకాశం పెంచుతుంది, గుండె కండరాన్ని బిరుసెక్కిస్తుంది. ఇంకో మోసం ఏమిటంటే నరాల్ని మొద్దుబారుస్తుంది, అందువల్ల రెండోసారి అటాక్ వచ్చినప్పుడు ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఒకావిడ నాలుగు రోజులుగా మెట్లెక్కితే ఆయాసం, చల్లటి చెమట అని నడుచుకుంటూ ఓపీకి వచ్చింది, నొప్పి ఎక్కడా లేదంది, ఈసీజీ తీస్తే అప్పటికే అటాక్ వచ్చి వెళ్లిపోయింది. షుగర్ తేలిన గుండె పేషెంట్ ఇంట్లో "నొప్పి లేదు కదా" అని ఎదురుచూడకూడదు.

షుగర్ ఉందని తేలాక హెచ్‌బీఏ1సీని ఎంతకి తేవాలి? ఇక్కడ కూడా బిగించడం బెడిసికొట్టింది. 2008లో అకార్డ్ అనే ట్రయల్‌లో 10,251 మందిని తీసుకుని సగం మందిలో 6 లోపుకి లాగాలని చూశారు, వాళ్లు 6.4 దగ్గరికి వచ్చారు, మిగతా సగం 7.5 దగ్గర ఉన్నారు. 6.4 గుంపులో మరణాలు 22 శాతం ఎక్కువవడంతో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అదే ఏడాది బ్రిటన్‌లో కొత్తగా షుగర్ వచ్చినవాళ్లని పదేళ్లు అదనంగా వెంబడించిన అధ్యయనం మాత్రం, మొదట్లోనే బాగా అదుపు చేసినవాళ్లకి ఏళ్ల తర్వాత గుండెపోట్లు తగ్గాయని చెప్పింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి నేను అర్థం చేసుకున్నది ఇది: షుగర్ కొత్తగా వచ్చినప్పుడు, లో షుగర్ రాకుండా 7 లోపు ఉంచితే మంచిదే, జబ్బు ముదిరాక నాలుగైదు మందులు కుక్కి ఆఖరి పాయింట్ కోసం పోరాడితే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బాగా పెద్ద వయసువాళ్లకి, లో షుగర్ వచ్చే ప్రమాదం ఉన్నవాళ్లకి 8 లోపు ఉన్నా నేను గొడవ చేయను.

అంకె కంటే ఏ మందుతో దించుతున్నారు అన్నది ముఖ్యమని 2015 తర్వాత తేలింది. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రని గుండె జబ్బు ఉన్న 7,020 మంది షుగర్ పేషెంట్లలో చూస్తే గుండె జబ్బుతో మరణాలు 38 శాతం తగ్గాయి, గుండె ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గింది, షుగర్ తగ్గింది మాత్రం కొంచెమే. లిరాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్ అనే ఇంజెక్షన్లు కూడా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గించాయి. సెమాగ్లూటైడ్ అయితే షుగర్ లేకుండా అధిక బరువు, గుండె జబ్బు ఉన్న 17,604 మందిలో కూడా గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం అన్నీ కలిపి 20 శాతం తగ్గించింది, అది 2023 సంగతి. అలాగని అటాక్ వచ్చిన ప్రతివాళ్లకి ఇవి రాసేయాలని కాదు, అటాక్ వచ్చిన కొద్ది రోజుల్లోనే, గుండె ఫెయిల్యూర్ ముప్పు ఉన్నవాళ్లకి ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టి చూసిన 2024 ట్రయల్‌లో మరణం, ఫెయిల్యూర్ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరోపక్క పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలిపేస్తుంది, పంపింగ్ తక్కువగా ఉన్నవాళ్లకి పడదు. సాక్సాగ్లిప్టిన్‌తో ఫెయిల్యూర్ అడ్మిషన్లు పెరిగాయి. కాబట్టి రేపు ఎవరైనా షుగర్ మాత్ర రాస్తే "ఆయనకి అటాక్ వచ్చింది, పంపింగ్ ఇంత, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇంత" అని మీరే ముందు చెప్పండి. షుగర్ చూసే డాక్టర్‌కి గుండె కాగితాలు, గుండె డాక్టర్‌కి షుగర్ కాగితాలు అందకపోవడం నేను రోజూ చూసే జబ్బు.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వల్ల షుగర్ వస్తుందట, ఆపేద్దామా అని కూడా మధ్యలో రాశారు. ఆపొద్దు. కొత్తగా షుగర్ తేలే అవకాశం స్టాటిన్‌తో సుమారు తొమ్మిది శాతం పెరుగుతుందన్నది నిజమే, అది కూడా చాలావరకు మీ నాన్నగారిలా ఇప్పటికే అంచు మీద ఉన్నవాళ్లలో. కానీ స్టెంట్ ఉన్న మనిషికి స్టాటిన్ చేసే మేలు ముందు ఆ నష్టం చాలా చిన్నది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన రెండు మాత్రలు కూడా అంతే, గుండె డాక్టర్ చెప్పేదాకా ఒక్క రోజు కూడా మానకూడదు. డెన్మార్క్‌లో 160 మంది షుగర్ పేషెంట్లతో ఒక అధ్యయనం చేశారు, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగ, ఆస్పిరిన్ అన్నీ కలిపి గట్టిగా పట్టుకున్న గుంపు ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత చూస్తే మిగతావాళ్ల కంటే దాదాపు ఎనిమిదేళ్లు ఎక్కువ బతికింది. షుగర్ ఒక్కదాన్నే పట్టుకున్న ఏ ట్రయల్‌లోనూ నేను అంత లాభం చూడలేదు. నాన్నగారు పొగ తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగుతుంటే పైన నేను రాసినదంతా పక్కన పెట్టి ముందు అది మాన్పించండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న. తండ్రికి 58లో అటాక్, చక్కెర అంచు మీద ఉంది అంటే మీకూ మీ తమ్ముడికీ ఆ వారసత్వం కొంత వచ్చినట్టే. నాన్నగారి మూడు నెలల టెస్ట్ రోజున మీరిద్దరూ కూడా పరగడుపున వెళ్లండి, షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, బీపీ ఆయన పక్కనే కూర్చుని చేయించుకోండి. ఆ రెండు గంటలు ఆయన ఒక్కడే విసుక్కుంటూ కూర్చోకుండా తోడు కూడా ఉన్నట్టుంటుంది.